నిజాయితీగా చెప్పమని అడిగాక, ఎదురు జవాబు చెప్పకూడదా?

చిత్తుప్రతి:
నేను వెబ్‌సైట్లు, యాప్‌లు డిజైన్ చేస్తాను. ఉద్యోగం మారదామని నా పోర్ట్‌ఫోలియో కొందరు సీనియర్లకు పంపి, మొహమాటం లేకుండా చెప్పమన్నాను. చాలామంది "బాగుంది" అని ఊరుకున్నారు. ఒకాయన మాత్రం వివరంగా రాశారు. అందులో ఒక్కదానికి నేను కారణం చెబితే, "వినే ఓపిక లేనప్పుడు ఎందుకడిగారు?" అని కోప్పడ్డారు. కారణం చెప్పడం తప్పా?

అడ్డుగీత:
తప్పే. మీరు అడిగింది అభిప్రాయం, వాదన కాదు. ఆయన తన పని మానుకుని మీ పని చూశారు. విని, థాంక్స్ చెప్పి, నచ్చనిది వదిలేయాలి. ఇంతకీ ఏమన్నారు?

చిత్తుప్రతి:
బొమ్మల కింద బూడిద రంగు అక్షరాలు కనపడట్లేదన్నారు. నేను వాడిన రంగు కోడ్ 777777. తెలుపు మీద దాని కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగు నిష్పత్తి) 4.48. మామూలు సైజు అక్షరాలకు వెబ్ ప్రమాణం అడిగేది కనీసం 4.5. తేడా ఎంతో మీరే చూడండి. అదే చెప్పాను.

రంగులపెట్టె:
4.48 అంటే ఫెయిలే. 767676 పెట్టండి, 4.54 వస్తుంది. రెంటికీ తేడా కంటికి కూడా తెలీదు.

చిత్తుప్రతి:
కంటికే తెలియని తేడాకి "కనపడట్లేదు" అంటే ఒప్పుకోవాలా?

రంగులపెట్టె:
చూపు సరిగా ఆననివాళ్ల కోసం పెట్టిన హద్దు అది. దగ్గరదాకా వచ్చానంటే కుదరదు.

అడ్డుగీత:
అంకెలు వదిలేయండి. ఇలా వాదిస్తారనే జనం "బాగుంది" అని తప్పించుకునేది. నా మొదటి ఆఫీసులో ఏ రిపోర్టు ఇచ్చినా "సూపర్" అనేవాళ్లు. తీరా అప్రైజల్లో "రాతలో స్పష్టత లేదు" అని ప్రమోషన్ ఆపేశారు. ఏడాది పొడుగునా అవే రిపోర్టులు చదివినవాళ్లు! ఒక్కరు ముందే చెప్పి ఉంటే దిద్దుకునేదాన్ని కదా. మీకు చెప్పేవాళ్లు దొరికారు, ఆ విలువ మీకు తెలియట్లేదు.

కిటికీపక్క:
చెప్పడమే గొప్ప మేలన్నట్టు మాట్లాడకండి. 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద జరిగిన అధ్యయనాల నుంచి 607 ఫలితాలు కలిపి లెక్కగట్టారు. సగటున పని మెరుగుపడింది. కానీ మూడోవంతుకు పైగా ఫలితాల్లో ఇంకా దిగజారింది. దృష్టి పని మీంచి మనిషి మీదికి మళ్లేకొద్దీ ప్రయోజనం తగ్గుతుందని వాళ్ల వాదన. మా పాత మేనేజరు అందరి ముందూ నా స్లైడ్లు ఒక్కొక్కటే తెరిచి ఉతికి ఆరేసేవాడు, పైగా "నేను నిజాయితీపరుణ్ణి" అనేవాడు. ఆ తర్వాత చాలాకాలం నా పని ఎవరికైనా చూపించాలంటేనే చేతులు వణికేవి.

అడ్డుగీత:
మీ మేనేజరు సంగతి వేరు. ఇక్కడ ఈయనే కోరి అడిగారు. చిత్తుప్రతి గారూ, మీకు కావలసింది అభిప్రాయం కాదు, సర్టిఫికెట్.

చిత్తుప్రతి:
సర్టిఫికెట్టా? ఆయన చివర ఏం రాశారో తెలుసా? "మీకు వివరాల మీద శ్రద్ధ లేదు." రంగు మార్చడం క్షణంలో పని, మార్చేస్తాను. ఆ మాటకి నోరు మూసుకుని ఎలా ఉండమంటారు? నేను అప్లై చేసిన టీముకి ఆయనే లీడ్.

అడ్డుగీత:
ఇది ముందే చెప్పాలి కదండీ! ఉద్యోగం ఆయన చేతిలో పెట్టుకుని అభిప్రాయం అడిగితే అది ఇంటర్వ్యూయే. అలాంటి చోట అడగనేకూడదు. అడిగాక అసలు వాదించకూడదు.

కిటికీపక్క:
నేను సరిగ్గా దీనికి వ్యతిరేకం. ఒక్క రంగు చూసి మనిషికి ముద్ర వేసే అధికారం ఆయనకు ఉన్నప్పుడే జవాబు చెప్పే హక్కు ఈయనకు ఉండాలి.

అడ్డుగీత:
హక్కు ఉంటుంది, ఉద్యోగం ఉండదు. నేను అప్రైజల్ మీద హెచ్‌ఆర్‌కి రాశాను. మరుసటి ఏడాది కూడా అదే రేటింగ్.

కిటికీపక్క:
అంటే భయంతో చెబుతున్నారన్నమాట. అది మర్యాద గురించిన సలహా అని మొదట్నుంచీ అంటున్నారు.

అడ్డుగీత:
భయమే అనుకోండి. ఇంటి అద్దె కట్టేది నేనే.

రంగులపెట్టె:
రంగు మార్చారా లేదా?

చిత్తుప్రతి:
మార్చాను. కొత్త లింకు ఆయనకు పంపుతున్నాను. "శ్రద్ధ లేదన్నారు, ఏ పేజీల్లో అలా అనిపించిందో చెబుతారా?" అని ఒక్క లైన్ కలుపుతాను.

అడ్డుగీత:
ఆ లైన్ తీసేయండి.

కిటికీపక్క:
అది తీస్తే పంపడమే దండగ.