ఇంగ్లిష్ దిద్దే సాఫ్ట్‌వేర్ చెప్పినవన్నీ ఒప్పుకోవాలా?

సివిల్_కుర్రాడు: ఎంఎస్‌కి అప్లై చేస్తున్నా. మూడు వారాలు కూర్చుని ఎస్‌ఓపీ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నానో యూనివర్సిటీకి చెప్పే వ్యాసం) రాసుకున్నా. గ్రామర్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే గీతలే గీతలు. అన్నీ ఒప్పేసుకుంటే స్కోరు 98కి వచ్చింది. రూమ్మేట్ చదివి "బాగుంది గానీ, రాసింది నువ్వేనా?" అన్నాడు. అప్పటి నుంచి టెన్షన్. ఇదే పంపాలా, పాతదా?

డల్లాస్_బాబాయ్: ఇదే పంపు అబ్బాయ్. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. 'డిస్కస్ అబౌట్' తప్పని ముప్పై ఏళ్లొచ్చేదాకా నాకు ఎవరూ చెప్పలేదు. 'దాని గురించి చర్చించాం' అని మనసులో అనుకుని రాస్తాం కదా, ఆ 'గురించి' కాస్తా 'అబౌట్' అయి కూర్చుంటుంది. ఆఫీసులో నవ్వుకున్నారేమో గానీ దిద్దలేదు. మిషన్ నవ్వదు, దిద్దుతుంది.

ఇంగ్లిష్_లెక్చరర్: 'అబౌట్' సరేనండీ, అది తప్పే. 'ఎ', 'ది' కూడా అంతే. తెలుగులో లేనివి కాబట్టి మనకు జారిపోతాయి. అవి పట్టడానికి సాఫ్ట్‌వేర్ బాగా పనికొస్తుంది. కానీ ఆ గీతల్లో చాలావరకు తప్పులు కావు, దాని ఇష్టాయిష్టాలు. 'ది క్యూబ్స్ వర్ టెస్టెడ్ ఆఫ్టర్ 28 డేస్' అని రాస్తే ప్యాసివ్, అంటే చేసిందెవరో చెప్పని వాక్యం, అని గీత పెడుతుంది. కాంక్రీట్ దిమ్మల 28 రోజుల బలం చెప్పేచోట, పరీక్షించింది ఎవరైతేనేం?

డల్లాస్_బాబాయ్: రిపోర్టులో అయితే అక్కర్లేదు మాస్టారూ. ఎస్‌ఓపీలో కావాలి! పరీక్షించింది వీడా, ల్యాబ్ అసిస్టెంటా అన్నదేగా వాళ్లు చూసేది.

పాత_యునిక్స్: ఈ ప్యాసివ్ పట్టింపు ఇవాళ్టిది కాదు. 1970ల చివర్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో లొరిండా చెర్రీ వాళ్లు 'రైటర్స్ వర్క్‌బెంచ్' అని రాతను పరిశీలించే ప్రోగ్రాంలు చేశారు. అందులో 'స్టైల్' అనే ప్రోగ్రాం వాక్యాల సగటు పొడవెంత, ప్యాసివ్‌లు ఎంత శాతం అని లెక్క తీసిచ్చేది. లెక్క చూసుకుని తిరగరాయాల్సింది మనమే. ఇప్పటివి కొత్త వాక్యం వండి పక్కన పెట్టి నొక్కమంటాయి. చదవకుండా నొక్కేస్తాం. మీవాడు నొక్కినవన్నీ ఒకసారి చదువుకున్నాడా అని నా అనుమానం.

సివిల్_కుర్రాడు: చదవలేదు సార్. ఇప్పుడే రెండు కాపీలూ పక్కపక్కన పెట్టి చూశా. క్యూబ్‌ల దగ్గర నా ప్యాసివ్ తీసేసి 'ఐ టెస్టెడ్' అని పెట్టింది. తొమ్మిదింటిలో నేను చేసినవి మూడే, మిగతావి బ్యాచ్‌మేట్స్ చేశారు. 'వుయ్' అని మార్చా. స్కోరు అలాగే ఉంది.