జాతీయ సమీక్షకు మన మాట అందించాలా, వేరే నివేదిక రాసుకోవాలా?

గుణుపురం కార్యకర్త:

సుస్థిర అభివృద్ధి లక్ష్యాలపై మన దేశం ఐక్యరాజ్యసమితి వేదిక మీద స్వచ్ఛంద జాతీయ సమీక్షను (లక్ష్యాల్లో ఎంతవరకు వచ్చామో దేశం తానే రాసి ఇచ్చే నివేదికను) సమర్పించే ముందు, పౌర సంఘాల అభిప్రాయాలు అడగడం ఇప్పుడు ఒక ఆనవాయితీ అయింది. 2017లోనూ 2020లోనూ సమర్పించిన సమీక్షల బాధ్యత నీతి ఆయోగ్ చూసింది. రెండోసారి దేశవ్యాప్తంగా వెయ్యికి పైగా పౌర సంఘాలను సంప్రదించారు. లక్ష్యాల గడువు 2030 కనుక, ఈ సంప్రదింపులు ఇకముందు మరింత జోరుగా సాగుతాయి. మా చిన్న సంఘానికి కూడా అలాంటి ఒక సభకు పిలుపు వచ్చింది. వెళ్ళాలా, లేక ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారమూ సవరలూ కలిసి సొంతంగా ఒక ప్రజా నివేదిక రాసుకోవాలా అన్న విషయం మీద మా సభ్యుల్లో ఏకాభిప్రాయం కుదరలేదు. అందుకే ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

నా అనుభవం ముందుగా చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఇటువంటి సభకే మేము ఐదుగురం వెళ్ళాము. చర్చాపత్రం ముందురోజు రాత్రి ఇంగ్లీషులో అందింది. మాతో వచ్చిన సవర పెద్దావిడ, కొండవాగు ఎండిపోవడం వల్ల తమ గూడెం ఆడవాళ్ళు వేసవిలో ఎంత దూరం నడుస్తున్నారో తన భాషలో వివరంగా చెప్పింది. ఆమె మాటను నేను తెలుగులోకి మార్చాను, పక్కనున్న మిత్రుడు దాన్ని ఒడియాలోకి మార్చాడు, రాసుకునే ఆయన ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాసుకున్నాడు. ఆ తరువాత వచ్చిన నివేదికలో ఆ ఒక్క వాక్యం కూడా లేదు. తీసుకోలేదన్న బాధ కంటే, ఎందుకు తీసుకోలేదో మాకు ఎవరూ చెప్పకపోవడం ఎక్కువ బాధించింది. అయినా వెళ్ళాలనే నా అభిప్రాయం. కానీ పోయినసారి వెళ్ళినట్టు వెళ్ళకూడదు.

రాయగడ న్యాయవాది:

కార్యకర్త గారూ, మీ ఓర్పుకు నమస్కారం. కానీ మీ నిర్ణయంతో నేను ఏకీభవించలేను. జాతీయ సమీక్ష అన్నది ప్రభుత్వం తన గురించి తాను ఇచ్చుకునే వాంగ్మూలం. పేరులోనే ‘స్వచ్ఛంద’ అని ఉంది. అందులో ఒక మాట చేరినా చేరకపోయినా చట్టపరంగా ఎవరికీ ఏ హక్కూ రాదు, ఏ బాధ్యతా పడదు. మన జిల్లాలోనే జరిగినదాన్ని చూడండి. నియమగిరి కొండల మీద బాక్సైట్ తవ్వకాల విషయంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న ఇచ్చిన తీర్పు, నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది. ఆ ఏడాది జూలై, ఆగస్టు నెలల్లో రాయగడ జిల్లాలో ఏడు, కలహండి జిల్లాలో ఐదు, మొత్తం పన్నెండు పల్లీసభలు (ఒడిశాలో ఊరి స్థాయి గ్రామసభలు) జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది.

ఆ కొండల్లో ఉండే గిరిజనులు, డొంగ్రియా కోండులు, ఏ శిఖరాగ్ర సదస్సుకూ పత్రం పంపలేదు. వాళ్ళు తమ భాషలో తమ దేవుడి కొండ గురించి మాట్లాడితే, జిల్లా న్యాయమూర్తి పర్యవేక్షణలో ఆ మాటలు తీర్మానాలుగా నమోదయ్యాయి. 2006 అటవీ హక్కుల చట్టం వెనుక ఉంది కాబట్టే ఆ నమోదుకు బలం వచ్చింది. మన దగ్గర ఉన్న కొద్ది మంది మనుషులను, కొద్దిపాటి సమయాన్ని పల్లీసభల మీద పెట్టాలి. సంప్రదింపుల సభలో కూర్చుంటే, రేపు ‘ప్రజలను అడిగాము’ అని చెప్పుకోవడానికి మన సంతకమే సాక్ష్యమవుతుంది.

బరంపురం విశ్రాంత ఉపాధ్యాయుడు:

వకీలు గారు నియమగిరి గురించి చెప్పినదంతా నిజమే. అయితే అంతర్జాతీయ వేదికకు దేశం ఏ మాటతో వెళుతుందో నిర్ణయించే చోట పౌర సంఘాలకు పని లేదనుకోవడం చరిత్రకు విరుద్ధం. 1992 జూన్‌లో రియో ధరిత్రీ సదస్సుకు మన ప్రధానిగా హాజరైనది పి.వి. నరసింహారావు. తరువాత 1996లో మన బరంపురం నుంచే ఆయన లోక్‌సభకు ఎన్నికయ్యారు. మా వీధిలో ఆయన ఎన్నికల సభకు తెలుగువారు ఎంతమంది వచ్చారో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఆ సదస్సులో మన దేశం గట్టిగా నిలబడిన వాదన ఏమిటి? వాతావరణానికి జరిగిన చేటులో అందరికీ బాధ్యత ఉంది కానీ అందరికీ సమానంగా లేదు అన్నది. ఆ వాదనకు లెక్కల బలం సమకూర్చినది ఏ మంత్రిత్వ శాఖా కాదు. అంతకుముందు ఒక అమెరికన్ సంస్థ లెక్కలు కట్టి, గ్రీన్‌హౌస్ వాయువులు ఎక్కువగా వదిలే దేశాల ముందు వరుసలో భారత్‌ను చేర్చింది. 1991లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ తరఫున అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఆ లెక్కను తిరగరాసి, తలసరిన చూస్తే చిత్రం ఎలా మారుతుందో చూపించారు. పొలానికి నీళ్ళు పెట్టే రైతునూ, కారులో తిరిగే ధనికుడినీ ఒకే గాటన కట్టకూడదన్నది అందులోని సారాంశం. ప్రభుత్వ ప్రతినిధులు రియోకు వెళ్ళేనాటికి ఆ వాదన చేతికి అందివచ్చింది.

ఇందులో గమనించవలసింది కాలం. రియోకు ముందు 1990 ఆగస్టులో నైరోబీలో మొదలై 1992 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో ముగిసిన నాలుగు సన్నాహక సమావేశాలు జరిగాయి. ఒప్పందం కుదరని మాటలను చదరపు బ్రాకెట్లలో పెట్టి ఒక సమావేశం నుంచి ఇంకో సమావేశానికి మోసుకుపోయేవారు. పైగా మన దేశం 77 దేశాల కూటమితో కలిసి మాట్లాడుతుంది కాబట్టి, కూటమిలో ఒక మాట అనుకున్న తరువాత మన ప్రతినిధి కోరుకున్నా దాన్ని మార్చడం కష్టం. రియోలో ప్రభుత్వాల సదస్సు ఒక చోట, పౌర సంఘాల వేదిక దూరంగా ఇంకో చోట జరిగాయి. ఆ వేదికకు దాదాపు 17,000 మంది వచ్చారు, ప్రత్యామ్నాయ ఒప్పందాలు రాసుకున్నారు. వారి శ్రద్ధను నేను తక్కువ చేయను, కానీ అధికారిక పత్రం అప్పటికే చాలావరకు సిద్ధమైపోయింది. అందుచేత మనకు వచ్చిన పిలుపు ఆలస్యంగా వచ్చిందా, ముందుగా వచ్చిందా అన్నది నేను మొదట అడుగుతాను. ముసాయిదా ఇంకా రాయకపోతే వెళ్ళండి. రాసేసి ఉంటే ప్రయాణ ఖర్చు దండగ.

గోపాలపూర్ తీరవాసి:

పెద్దల మాటలు చదివాను. మా తీరం విషయం చెబితే చర్చకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. గంజాం తీరంలో వేట మీద బ్రతికే కుటుంబాల్లో చాలావరకు మా తెలుగువారే. 2017 సమీక్షకు ఎంచుకున్న ఏడు లక్ష్యాల్లో పేదరికం గురించిన మొదటి లక్ష్యమూ ఉంది, సముద్ర జీవుల గురించిన పద్నాలుగో లక్ష్యమూ ఉంది. ఈ రెండూ కాగితం మీద వేరువేరు అధ్యాయాలు. మా ఊళ్ళో రెండూ ఒకే ఇంటి గడప మీద ఉన్నాయి.

ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి కనుక, ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు ఆ ప్రాంతంలో తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది. దానికి తోడు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా చేపలు గుడ్లు పెట్టే కాలపు నిషేధం 61 రోజులు. రెండూ కలుపుకుంటే జూన్ మధ్య నుంచి అక్టోబరు ఆఖరు దాకా ఉన్న నాలుగున్నర నెలలే మిగులుతాయి. అవేమో వానలు, పోటు, తుఫాన్ల నెలలు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న మా గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది. సముద్రం చల్లగా ఉండే నెలల్లో పడవ ఒడ్డున, సముద్రం ఉరిమే నెలల్లో పడవ నీళ్ళలో. దీన్ని ఎవరైనా ఏ అధ్యాయంలో రాస్తారు?

తాబేళ్ళు బ్రతకకూడదని మా వాళ్ళు ఎవరూ అనరు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేలుకు పసుపు కుంకుమ పెట్టి పూడ్చే ముసలమ్మలు మా వీధిలో ఉన్నారు. మేము అడిగేది, తాబేళ్ళ సంఖ్య పెరిగిందని పద్నాలుగో లక్ష్యం కింద రాసే రోజున, ఆ ఏడు నెలలు వేట లేని ఇంట్లో ఏం వండుకున్నారో మొదటి లక్ష్యం కింద కూడా రాయాలని. పొడంపేటలో సముద్రం ముందుకు వచ్చి ఇళ్ళు తీసుకుపోయింది, జనం వెనక్కి జరగవలసి వచ్చింది. అది వాతావరణ మార్పు గురించిన పదమూడో లక్ష్యం. ఒకే మనిషి మూడు అధ్యాయాల్లో ముక్కలైపోతున్నాడు. అందుకని మా తీరం తరఫున అడుగుతున్నాను, దయచేసి వెళ్ళండి, కానీ లక్ష్యాల వారీగా కాకుండా ఊరి వారీగా చెప్పండి.

పర్లాకిమిడి విద్యార్థిని:

మాస్టారు గారూ, వకీలు గారూ, ఒక సందేహం. మనం తెలుగులో రాసి పంపితే ఎవరైనా చదవవలసిన బాధ్యత ఉందా? లేక ఇంగ్లీషులోకి మార్చే భారం కూడా మన మీదేనా? మా కాలేజీలో పదిమందిమి అనువాదం చేయడానికి సిద్ధంగా ఉన్నాము. కానీ సవర పెద్దావిడ మాట మూడు భాషలు దాటి ఒక్క వాక్యం అయిపోయిందని చదివాక, మా అనువాదం కూడా అలాగే అవుతుందేమోనని భయంగా ఉంది.

రాయగడ న్యాయవాది:

అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం, కేంద్రంలో గానీ ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా తన కష్టం గురించి అధికారులకు విన్నపం ఇచ్చుకునే హక్కు ప్రతి వ్యక్తికీ ఉంది. కనుక తెలుగులో పంపిన విన్నపాన్ని భాష కారణంగా తిప్పికొట్టడానికి వీల్లేదు. అలాగే 2020లో పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ముసాయిదా ఇంగ్లీషు, హిందీల్లోనే వచ్చినప్పుడు, దాన్ని ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆ జూన్ 30న ఆదేశించింది. అది చట్టపు నోటిఫికేషన్ విషయం కాబట్టి జాతీయ సమీక్షకు నేరుగా వర్తించకపోవచ్చు, కానీ అడగడానికి ఆధారం ఉంది. సవర మాత్రం ఎనిమిదో షెడ్యూలులో లేదు. ఆ లోటును మనమే పూడ్చాలి. ఆ పెద్దావిడ మాటను సవరలోనే రికార్డు చేసి, మాటకు మాట రాసి, దాని పక్కన తెలుగు, ఒడియా పెట్టండి. కుదించవద్దు.

తీరవాసి గారు రాసినది చదివిన తరువాత నా వాదన కొంత సడలించుకోవలసి వచ్చింది. పల్లీసభ ఆ ఊరి అడవి గురించి, భూమి గురించి తీర్మానించగలదు. నిషేధం నెలలను ఏ పల్లీసభా మార్చలేదు, దానికి భువనేశ్వర్‌లో, ఢిల్లీలో మాట్లాడవలసిందే. అయినా ఒక షరతు మాత్రం నేను వదులుకోను. హాజరు పట్టికలో సంతకం పెట్టేముందు, మన మాటల్లో ఏది తీసుకున్నారు, ఏది వదిలారు, వదిలితే కారణం ఏమిటి అని లిఖితపూర్వకంగా జవాబు ఇస్తామన్న హామీ తీసుకోండి. హామీ ఇవ్వకపోతే మాట్లాడండి, సంతకం పెట్టకండి.

గుణుపురం కార్యకర్త:

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు. నిన్న సాయంత్రం మా సంఘంలో కూర్చుని ఈ జవాబులన్నీ గట్టిగా చదివాము. మాస్టారు గారు చెప్పినట్టు ముసాయిదా ఏ దశలో ఉందో కనుక్కున్నాము. ఇంకా రాయడం మొదలు కాలేదట, కాబట్టి వెళుతున్నాము. వకీలు గారి షరతును లేఖగా ముందే పంపుతున్నాము, దానికి జవాబు వచ్చినా రాకపోయినా ఇక్కడ తెలియజేస్తాను.

కానీ ‘వెళ్ళాలా, వేరుగా రాయాలా’ అని నేను అడగడమే తప్పని ఇప్పుడు అనిపిస్తున్నది. వాదా న తోడో అభియాన్ వంటి జాతీయ వేదికలు ప్రభుత్వ సంప్రదింపుల్లో పాల్గొంటూనే సొంత నివేదికలూ వేశాయి. మనం చేయవలసింది వరుస మార్చడం. పోయినసారి సభకు వెళ్ళాక ఏం చెప్పాలో ఆలోచించాము. ఈసారి ముందుగా మూడు ఊళ్ళలో పల్లీసభలు పెట్టించి, అక్కడ అనుకున్నదాన్ని తీర్మానంగా రాయించి, ఆ తీర్మానాల నకళ్ళతో వెళతాము. మా మాటను ఎవరైనా కుదించినా, ఊరి పుస్తకంలో పూర్తి పాఠం ఉంటుంది. మూడు ఊళ్ళలో ఒకటి సవర గూడెం, ఒకటి తెలుగు రైతుల ఊరు. మూడోది తీరవాసి గారి ఊరు కావాలని మా వాళ్ళ కోరిక. పొడంపేట నుంచి కూడా ఎవరైనా వస్తే మరీ మంచిది.

పర్లాకిమిడి అమ్మాయీ, మీ పదిమందిలో సవర వచ్చినవాళ్ళు ఉంటే ముందుగా వాళ్ళనే పంపించు. పెద్దావిడ ఈసారి కూడా వస్తానంది. వాగు ఎండిపోయి, కొత్తగా ఇంకో చెలమ తవ్వుకున్నారట, అక్కడికి ఎంత దూరమో తానే అడుగులు లెక్కపెట్టి చెబుతానంది.