కొరియన్ నోయిర్ (చీకటి నేర చిత్రాల) తరహా కత్తి ఫైటు: మేం తీస్తే ఎందుకు తేలిపోతోంది?

కట్‌టుకట్:
షార్ట్ ఫిలిం కోసం అపార్ట్‌మెంట్ కారిడార్‌లో ఒకడి మీద ఆరుగురు పడే ఫైటు తీస్తున్నాం. రిఫరెన్సులు ‘ఓల్డ్‌బాయ్’ (2003), ‘న్యూ వరల్డ్’ (2013). నల్ల సూట్లు, పైన పాత ట్యూబులైట్లు, 24 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 24 ఫ్రేములు), షట్టర్ 1/200 (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడేది సెకనులో 200వ వంతు). టెస్ట్ షూట్‌లో కత్తి తగలట్లేదని తెలిసిపోతోంది, నెత్తురు గోధుమ రంగులో వస్తోంది, ఫ్రేమంతా మినుకుమంటోంది. ఎక్కడ సరిచేయాలి?

నీలిట్యూబ్:
ముందు మినుకు సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, చోకు ట్యూబులైటు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది. 1/200లో ఒక్కో ఫ్రేముకి ఆ వెలుగులో సగమే అందుతుంది, అదీ ఒక్కోసారి ఒక్కో సగం. 1/50 (షట్టర్ కోణంలో 172.8 డిగ్రీలు) గానీ 1/100 (86.4) గానీ పెట్టండి. కొరియాలో కరెంటు 60 హెర్ట్జ్, అక్కడి 1/60 లెక్క మనకి కుదరదు. 1/200 తప్పదంటే ఫ్లికర్ రాని ఎల్ఈడీ ట్యూబులు బిగించాల్సిందే.

నెత్తురు గోధుమ రంగు తిరిగేది ట్యూబులైటు పచ్చదనం వల్ల. కప్పు లిక్విడ్ గ్లూకోజ్, పావు కప్పు నీళ్లు, రెండు చెంచాల ఎర్ర ఫుడ్ కలర్ కలపండి. చిక్కదనానికి కోకో పొడి అర చెంచా చాలు, ఎక్కువైతే మళ్లీ గోధుమే. నల్ల సూటు మీద ఎంత పోసినా చెమటలాగే ఉంటుంది, ఎరుపు పలికేది లోపలి తెల్ల చొక్కా మీదే. ఆ మరక ఉతికినా పోదు, మనిషికి నాలుగు చొక్కాలైనా ఉంచుకోండి.

రెండోయూనిట్:
అన్నా, కత్తి తేలిపోవడానికి కారణం మీ కెమెరా పక్కనుంచి చూడటం. పక్క నుంచి తీస్తే కత్తికీ ఒంటికీ మధ్య ఖాళీ నేరుగా కనబడుతుంది. పోటు కెమెరాకి అవతలి వైపు నడుము పక్కనుంచి వెళ్లాలి, అప్పుడు మొన శరీరం చాటున పోతుంది. ‘ఓల్డ్‌బాయ్’ కారిడార్ కూడా పక్కనుంచి సాగే ఒకే షాట్. మూడు రోజులు, 17 టేకులు పట్టింది. వీపులో దిగిన కత్తి మాత్రం కంప్యూటర్‌లో వేసిందే. నన్ను కట్టిపడేసేది దెబ్బల మధ్య ఆయాసం: సుత్తి పట్టిన హీరో వంగి రొప్పుతుంటాడు, గుంపు ముందుకి రావడానికి జంకుతుంది. మీవాళ్లు వరసగా ఒక్కొక్కరే వచ్చి పడిపోతుంటే ఎంత నెత్తురు పోసినా బరువు రాదు. ప్రతి నాలుగైదు దెబ్బలకి రెండు సెకన్లు ఆగనివ్వండి.

కట్‌టుకట్:
చివర్లో పిస్టల్ పెడదామా?

రెండోయూనిట్:
వద్దు. కొరియాలో మామూలు జనం దగ్గర తుపాకులుండవు, వేట తుపాకులు కూడా పోలీస్ స్టేషన్లలోనే భద్రపరుస్తారు. అందుకే ఆ గ్యాంగుల చేతుల్లో కత్తులు, బ్యాట్లు. ‘ఎ బిట్టర్‌స్వీట్ లైఫ్’ (2005)లో హీరో తుపాకీ సంపాదించుకోవడమే ఒక పెద్ద ఘట్టం. మీరు ‘న్యూ వరల్డ్’ లిఫ్టు ఫైటు చూడండి: చెయ్యి చాపే చోటుండదు, మోచేయి ఒంటికి ఆనించి పొడుచుకోవడమే. మీ ఇరుకు కారిడార్‌కి అదే సరిపోతుంది.

నీలిట్యూబ్:
రబ్బరు కత్తి విసురుగా తిప్పితే మొన ఊగుతుంది, 1/50 కన్నా 1/100లో అది ఇంకా స్పష్టంగా పడుతుంది. కదిలే షాట్లకి రబ్బరుది, కదలని క్లోజప్‌లకి మాత్రం అంచు మొద్దు చేసిన అల్యూమినియంది వాడండి.