కుళాయి నీళ్లకి టీడీఎస్ 210 వస్తోంది, కానీ మొదటి బిందె మురుగు వాసన. తాగొచ్చా?

కాలువగట్టు వీధి:

అందరికీ నమస్కారమండి. మాది పశ్చిమ గోదావరి డెల్టాలో ఒక టౌన్. బోరు వేస్తే ఉప్పు నీళ్లే పడతాయి కాబట్టి ఊరంతటికీ కాలువ నీళ్లే ఆధారం. కాలువ నుంచి మంచినీళ్ల చెరువుకి, అక్కణ్ణుంచి ఫిల్టర్ బెడ్లకి, ఓవర్‌హెడ్ ట్యాంకుకి, ఆ తర్వాత మా వీధికి. పొద్దున్న ఆరింటికి వదులుతారు, ముప్పావు గంటకి కట్టేస్తారు.

నెల రోజులుగా మొదటి రెండు బిందెలు లేత టీ రంగులో వస్తున్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే సైడు కాలువ వాసన. పది నిమిషాలు పోయాక తేటగా అవుతాయి, అప్పుడు సంపులోకి వదులుతున్నాం. తాగడానికి మాత్రం 20 లీటర్ల క్యాన్ వేయించుకుంటున్నాం. పళ్లు తోముకోవడం, కూరలు కడగడం, బియ్యం కడగడం అన్నీ కుళాయి నీళ్లతోనే.

పోయిన వారం మా ఆరేళ్ల పాపకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజులు ఓఆర్ఎస్ మీదే ఉంది. డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న "నీళ్లేం తాగుతున్నారమ్మా?" అని. క్యాన్ నీళ్లేనండి అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు, మరిగించి చల్లార్చినవి ఇవ్వమన్నారు. నాకు అప్పటి నుంచి టెన్షన్ పోవడం లేదు.

ఆన్‌లైన్‌లో టీడీఎస్ మీటర్ కొన్నాను. కుళాయి నీళ్లు 210, క్యాన్ నీళ్లు 38. మొదటి బిందె, ఆ వాసన వచ్చేది, 224 చూపించింది. అంటే మురుగు వాసన ఉన్నదానికీ లేనిదానికీ తేడా 14 మాత్రమేనా? అలాంటప్పుడు ఈ మీటర్ దేనికి? మా అత్తయ్య గారైతే "మా రోజుల్లో కాలువలో ముంచుకొచ్చి, బిందె లోపల చిల్లగింజ అరగదీసి, తేరుకున్నాక తాగేవాళ్లం, ఏమైంది?" అంటున్నారు. ఇంటికి ఆర్వో పెట్టించమంటారా, లేక ఇంకేమైనా చూడాలా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

గోదారి కుర్రాడు:

ఆర్వో పెట్టించేయండి అక్కా, గొడవ వదిలిపోతుంది. మేం నాలుగేళ్లుగా వాడుతున్నాం. కాకపోతే ఒక లీటరు మంచినీళ్లకి రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి. మేం వాటిని బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి వాడుతున్నాం.

పాత ఫిట్టర్:

అమ్మా, నేను ఒక మున్సిపాలిటీ వాటర్ వర్క్స్‌లో 31 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో తొమ్మిదేళ్లు ఫిల్టర్ బెడ్ల దగ్గరే. ఆర్వో సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ వాసన ఎక్కణ్ణుంచి వస్తుందో పట్టుకోవాలి.

మీటర్ అబద్ధం చెప్పలేదు. అది నీళ్లలో కరిగిన లవణాల్ని కరెంటు ప్రసరించే తీరుని బట్టి లెక్కగడుతుంది. అంతకుమించి దానికేమీ తెలియదు. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణంలో తాగునీటికి టీడీఎస్ 500 వరకు మంచిది, వేరే దిక్కు లేకపోతే 2000 వరకు ఒప్పుకోవచ్చు అని ఉంది. గోదావరి కాలువ నీళ్లు మామూలుగా ఆ 500 లోపే ఉంటాయి. విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు తెచ్చే క్రిములు ఆ అంకెలో కనబడవు. అదే ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ-కోలై, అంటే మలంలో ఉండే క్రిమి, కూడా కనబడకూడదు. నీకు కావలసిన పరీక్ష అది.

మీ అత్తగారు చెప్పింది నిజమే, చిల్లగింజ బురదని అడుక్కి దించుతుంది. ఫిల్టర్ బెడ్ల దగ్గర మేం పటికతో చేసేదీ అదే పని. కానీ క్రిముల్ని చంపేది క్లోరిన్. బురద తీసేశాకే క్లోరిన్ కలపాలి, బురద ఉంటే క్లోరిన్ దానికే ఖర్చయిపోతుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెరువు అడుగంటి నాచు పెరుగుతుంది, అప్పుడు మందు ఎక్కువ పడుతుంది. నీళ్లలో బ్లీచింగ్ వాసన వస్తోందని జనం ఫోన్లు చేసి తిట్టేవాళ్లు. అమ్మా, ఆ వాసన వస్తే భయపడకు. అది రాకుండా మురుగు వాసన వచ్చినప్పుడు భయపడాలి.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. ముప్పావు గంట నీళ్లు, మిగతా 23 గంటలు పైపు ఖాళీ. మీ ఇంటి కనెక్షన్ పైపు సైడు కాలువలో నుంచి వచ్చి ఉంటుంది, ఎప్పుడో వేసిన జీఐ (జింకు పూత ఇనుప) పైపు అయ్యుంటుంది. తుప్పు తిని చిల్లు పడితే, నీళ్లు వదిలినప్పుడు ఆ చిల్లు నుంచి బయటికి కారతాయి. నీళ్లు ఆగిపోయాక, చుట్టూ ఉన్న మురుగు లోపలికి దిగుతుంది. దానికి తోడు ఎవరైనా కుళాయికి నేరుగా మోటారు బిగించి లాగితే పైపులో గాలి లాగినట్టయి, సైడు కాలువలో నీళ్లు ఇంకా లోపలికి వస్తాయి. నువ్వు చెప్పిన మొదటి రెండు బిందెలు అవేనమ్మా.

దీన్ని తేల్చుకోవడానికి ఆర్థోటోలిడిన్ అనే మందు చుక్కలు కావాలి. మేం ఓటీ అంటాం. మన వైపు రొయ్యల చెరువుల మందుల షాపుల్లో అడిగి చూడు, హేచరీల వాళ్లు వాడతారు. గాజు గ్లాసులో నీళ్లు పట్టి రెండు మూడు చుక్కలు వెయ్యి. క్లోరిన్ ఉంటే వెంటనే లేత పసుపు రంగు వస్తుంది. కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా మిగిలి ఉండాలి. ఆ గ్లాసు నీళ్లు మాత్రం తాగొద్దు, పారబొయ్యి, ఆ మందు మంచిది కాదు, పాపకి అందనివ్వకు.

మూడు చోట్ల చూడు. మీ ఇంట్లో మొదటి నిమిషంలో ఒకటి, పదిహేను నిమిషాల తర్వాత ఒకటి, ట్యాంకు వైపు వీధి మొదట్లో ఉన్న ఇంట్లో ఒకటి. వాళ్లింట్లో పసుపు వచ్చి మీ ఇంట్లో రాలేదంటే చిల్లు ఈ మధ్యలోనే ఉంది. ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఎక్కడ తవ్వాలో అప్పుడు తెలుస్తుంది. ఉత్తినే "నీళ్లు బాలేవు" అని ఫిర్యాదు చేస్తే ఎవరూ కదలరు.

అది తేలేదాకా తాగేవీ, వండేవీ, పళ్లు తోముకునేవీ మరగబెట్టిన నీళ్లే. బుడబుడమని తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు. సంపు కడిగించు. నింపాక వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ చొప్పున, ముందు చిన్న గిన్నెలో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రం సంపులో పొయ్యి. గంట ఆగి వాడుకో.

నల్లగొండ తమ్ముడు:

అక్కా, ఫిట్టర్ సారు చెప్పిన మీటర్ ముచ్చటకు మా దిక్కు సంగతి కలుపుతున్న. మా మేనమామకు ఫ్లోరైడ్‌తో మోకాళ్లు వంగిపోయినయి. ఆయన తాగిన బాయి నీళ్లు అద్దం లెక్క తేటగ ఉండేటివి, వాసన లేదు, రుచి మారలేదు. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటొద్దంటరు, అంత చిన్న లెక్క టీడీఎస్ మీటర్ల విడిగ తెల్వది. మరగబెడితే పోదు, ఇంకా చిక్కబడతది. అందుకే మాకు బోరు నీళ్లకు ఆర్వో అవసరం పడ్డది. కృష్ణ నీళ్లు నల్లాల వచ్చినంక ఆ బాధ తగ్గింది. మీది కాలువ నీళ్లు, మీ బాధ క్రిములతోటి. మా మందు మీకు పనికిరాదు.

ల్యాబ్ శైలు:

ఫిట్టర్ గారు చెప్పిన దానికి ఒక చేర్పు. హెచ్‌టూఎస్ సీసాలని చిన్నవి దొరుకుతాయి. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల వాళ్లు 1982లో ప్రకటించిన పద్ధతి ఇది. గీత వరకు నీళ్లు పోసి మూత పెట్టి గది వేడిలో ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే 24 నుంచి 48 గంటల్లో నల్లబడతాయి. సీసా లోపల వేలు తగలనివ్వకండి.

క్యాన్ నీళ్లకీ తప్పకుండా చేయండి. ప్లాంటులో నీళ్లు శుభ్రం చేసేటప్పుడు క్లోరిన్ కూడా పోతుంది. ఆ తర్వాత క్యాన్‌లోనో, మీ ఇంట్లోనో ఏ క్రిమి చేరినా అడ్డుకునేది ఉండదు. టీడీఎస్ 38 అన్నారు కదా, అది శుభ్రానికి గుర్తు కాదు. టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వో మీద నిషేధం పెట్టమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే ఆదేశించింది.

ల్యాబ్‌కి పంపాలంటే ఇంట్లో సీసా వాడొద్దు. ల్యాబ్ వాళ్లిచ్చే స్టెరిలైజ్ చేసిన సీసానే తీసుకోండి, అందులో క్లోరిన్‌ని విరిచే మందు ముందే వేసి ఉంటుంది.

కాలువగట్టు వీధి:

ఆరు రోజులకి మళ్లీ రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే చేశాను. రొయ్యల మందుల షాపులో ఓటీ దొరికింది. మా ఇంట్లో మొదటి నిమిషం నీళ్లలో రంగే రాలేదు. పదిహేను నిమిషాల తర్వాత పట్టిన గ్లాసులో, తెల్ల కాగితం వెనక పెడితే గానీ తెలియనంత లేత పసుపు. వీధి మొదట్లో టైలరు గారింట్లో మొదటి గ్లాసే నిమ్మపండు రంగులో వచ్చింది. ఆవిడా నేనూ ఆ రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూస్తూ నిలబడ్డాం.

సీసాలు మూడు పెట్టాను. మొదటి బిందె నీళ్లది మర్నాడు పొద్దున్నకే తారులా నల్లబడింది. పదిహేను నిమిషాల తర్వాత పట్టింది మారలేదు. నా గుండె జారింది మూడోదానికి. క్యాన్ నీళ్లు రెండో రోజు సాయంత్రానికి నల్లబడ్డాయి. పాపకి నేను నమ్మి పోసింది ఆ నీళ్లే.

శైలు గారు చెప్పింది గుర్తొచ్చి, కొత్త క్యాన్ సీలు తీసి నేరుగా అందులోంచి ఇంకో సీసా నింపాను. అది మారలేదు. తేడా ఎక్కడా అని చూస్తే, మేం క్యాన్ బోర్లించే మట్టి కూజా కుళాయి. విప్పి, పాత టూత్‌బ్రష్ లోపలికి పెట్టి తిప్పితే బూడిద రంగు జిగురు వచ్చింది. రెండేళ్లుగా ఆ కుళాయి విప్పలేదు. కూజా మార్చేశాం, స్టీలు బిందె, గరిటె పెట్టాం, పాపకి విడిగా మరగబెట్టినవి ఇస్తున్నాం.

గ్లాసుల ఫొటోలు, టైము, ఇంటి నంబర్లు కాగితం మీద రాసి ఇచ్చాక, రెండో రోజే మనుషులొచ్చి మా గుమ్మం ముందు సైడు కాలువ పలకలు ఎత్తారు. జీఐ పైపు వంపు దగ్గర, చిటికెనవేలు గోరంత చిల్లు. దాని చుట్టూ నల్లటి మడ్డి. ఆ ముక్క తీసేసి, ప్లాస్టిక్ పైపుని కాలువ పైనుంచి తిప్పి వేశారు. మా ఇంటి లోపలి ముక్కకి ఖర్చు మాదే అన్నారు, పెట్టుకున్నాం.

ఈ రోజు పొద్దున్న ఆరింటికి మొదటి గ్లాసులోనే చుక్కలు వేశాను. పసుపు వచ్చింది, బ్లీచింగ్ వాసన కూడా వచ్చింది. మా అత్తయ్య గారు ముక్కు చిట్లించారు, నేను మాత్రం ఇంకోసారి వాసన చూసుకున్నాను. పలకలు ఎత్తినప్పుడు మా వరసలో ఇంకో నాలుగిళ్ల పైపులు అదే కాలువలోంచి పోతూ కనబడ్డాయి. ఓటీ సీసాలో ఇంకా సగం పైనే ఉంది. రేపు నీళ్లు వదిలే వేళకి ఆ నాలుగిళ్లకీ వెళ్తున్నాను, టైలరు గారు కూడా వస్తానన్నారు.

పాత ఫిట్టర్:

మంచిపని చేశావమ్మా. ఆ నాలుగిళ్లలోనూ మొదటి నిమిషం గ్లాసు మర్చిపోకుండా పట్టు. ఎవరింట్లోనైనా కుళాయికి నేరుగా మోటారు ఉంటే ఆ టైముకి ఆపించు, లేకపోతే పక్కింటి లెక్క తప్పుతుంది.