ఒక కంటికి ఆపరేషన్ అయ్యాక అమ్మకి మెట్టు ఎంత లోతుందో తెలీట్లేదు, ఎందుకండీ?

మహేంద్రతనయ ఒడ్డు
మాది పర్లాకిమిడి. అమ్మకి 64. పెళ్లికి ముందునుంచీ రెండు కళ్లకీ మైనస్ 7 అద్దాలే. కిందటి నెల వైజాగ్‌లో కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించి లోపల లెన్స్ పెట్టించాం, ఆ కంటికిప్పుడు అద్దం అక్కర్లేదు, ఎడం కంటికి పాత అద్దమే. విడివిడిగా చూస్తే రెండూ బాగానే కనిపిస్తున్నాయంటోంది గానీ చెంబుతో గ్లాసులో నీళ్లు పోస్తే అంచు పక్కనే పడిపోతున్నాయి, పెరట్లో మెట్లు దిగాలంటే ఎడం కన్ను అరచేత్తో మూసుకుని దిగుతోంది. మొన్న గడప దగ్గర తూలితే "చూసుకుని నడవ్వేటమ్మా" అని కసురుకున్నాను కూడా. వయసా ఇది, లేక ఇంకేటైనానా?

బరంపురం అద్దాలాయన
తమ్ముడూ, అమ్మని ఏమీ అనకు, తప్పు ఆవిడది కాదు. 19 ఏళ్లుగా అద్దాల షాపులో ఇదే పని నాది. మైనస్ అద్దం బొమ్మని చిన్నది చేస్తుంది, మైనస్ 7 అంటే సుమారు 8 శాతం. కుడి కంట్లో చిన్నది చేసే అద్దం లేదు కదా, ఇక మెదడుకి ఒకే గ్లాసు రెండు సైజుల్లో అందుతోంది. లోతు తెలిసేదే రెండు కళ్ల బొమ్మల్లో ఉండే సన్నటి తేడాలతో, సైజే కలవకపోతే ఏ అంచుని ఏ అంచుతో జత చెయ్యాలి చెప్పు? 5 శాతం దాటితే చాలామందికి రెండు బొమ్మలూ కలవవు. దీన్ని అనైసికోనియా అంటారు, 1932లో లాంకాస్టర్ అనే డాక్టరు పెట్టిన పేరు.
ఓ పని చెయ్యి, గోడ మీద క్యాలెండర్ చూడమని ఒక్కో కన్నూ మార్చి మార్చి మూయించు, అంకెలు పెద్దవీ చిన్నవీ అవుతున్నాయేమో అడుగు.

రాయగడ టీచరమ్మ
నాకు కుడి కంటికి కొత్తగా సిలిండర్ పవర్, అంటే ఒక్క దిక్కున మాత్రమే పనిచేసే పవర్, ఇచ్చినప్పుడు వేరేలా అయ్యిందండి, బల్ల కుడి పక్క అవతలికి వెళ్లిపోయినట్టు, బోర్డు వంకర తిరిగినట్టు ఉండేది. అడ్డంగా మాత్రమే బొమ్మ సాగితే మెదడు దాన్ని ఏటవాలు అనుకుంటుందట. పది రోజుల్లో సర్దుకుంది. మీ అమ్మగారిది అన్ని వైపులా తేడా కాబట్టి అలా దానంతటదే సర్దుకుంటుందని ఊరుకోకండి.

బరంపురం అద్దాలాయన
టీచరుగారు చెప్పింది నిజం. పూర్వం శుక్లం తీసేసి లోపల లెన్స్ పెట్టకుండా సోడాబుడ్డి అద్దాలిచ్చేవారు, అవి బొమ్మని పాతిక శాతం పైనే పెంచేసేవి, ఒక్క కంటికే చేస్తే రెండు కళ్లూ కలిపి వాడ్డం కుదిరేదే కాదు. 1949లో రిడ్లీ అనే కంటి డాక్టరు లండన్‌లో కంటి లోపలే లెన్స్ పెట్టాక ఆ బాధ తప్పింది. అద్దం కంటికి ఎంత దగ్గరైతే సైజు తేడా అంత తక్కువ, అందుకే ఎడం కంటికి కాంటాక్ట్ లెన్స్ గానీ, శుక్లం ఉంటే ఆ కంటికీ ఆపరేషన్ గానీ చేస్తారు. ఏది మంచిదో డాక్టరుగారినే అడుగు, అందాకా మెట్లు ఒంటరిగా దిగనివ్వకు.

మహేంద్రతనయ ఒడ్డు
చేశానన్నా. కుడి కన్ను మూస్తే అంకెలు చిన్నవైపోయాయట, "నేను చెప్తే నువ్వు విన్లేదు కదా" అంది, నాకు నోట మాట రాలేదు. గురువారం వైజాగ్ తీసుకెళ్తున్నా. పెరట్లో ప్రతి మెట్టు అంచుకీ ఇవాళ పొద్దున్నే పసుప్పచ్చ పెయింట్ పట్టీ వేశాను.