భూమి పాఠాల్లోని పదాలు: తెలుగు పీరియడ్‌లో ముందే నేర్పాలా, పాఠం అయ్యాక చెప్పాలా?

నాపరాయి (ప్రాథమిక బడి టీచర్, నంద్యాల జిల్లా)

మొన్న స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌లో (చుట్టుపక్కల బడుల టీచర్లందరం కలిసేది) ఒక ప్రతిపాదన వచ్చింది. మూడు నుంచి ఐదో తరగతి దాకా పరిసరాల విజ్ఞానంలో నేల, నీరు, రాళ్ళు, వాతావరణం గురించి వచ్చే కఠిన పదాలను ఏరి, వారానికి పది చొప్పున తెలుగు పీరియడ్‌లో ముందే నేర్పేయాలట. అర్థం రాయించడం, సొంతవాక్యం, శనివారం డిక్టేషన్. పాఠం మొదలయ్యేసరికి పిల్లలకు పదం కొత్తగా ఉండదన్నది వాళ్ళ వాదన. మొదటి జాబితా కూడా ఇచ్చారు: క్రమక్షయం (నేలకోత), అవక్షేపం (అడుగున పేరుకునేది), ఒండ్రు, భూపటలం (భూమి పైపొర), బాష్పీభవనం (నీరు ఆవిరవడం), సాంద్రీకరణం (ఆవిరి మళ్ళీ నీరవడం), ఇలా. సగం మంది బాగుందన్నారు, సగం మంది మొహం చిట్లించారు.

మా బడిలో ఇద్దరమే టీచర్లం. తెలుగూ నేనే, పరిసరాలూ నేనే. కాబట్టి ఎవరి పీరియడ్ అన్న గొడవ నాకు లేదు. ముందా, వెనకా అన్నదే ప్రశ్న. మీరెలా చేస్తున్నారు?

గోదారి గట్టు

ముందు వద్దండీ మేడం గారూ. చూడని దానికి పేరు పెడితే అది పిల్లాడి నోట్లో ఉంటుంది గానీ బుర్రలోకి వెళ్ళదు.

నేను చేసేది చెబుతాను. రెండు పాత ప్లాస్టిక్ ట్రేలు. ఒకదాంట్లో ఉత్త మట్టి, రెండోదాంట్లో గడ్డితో సహా పెళ్ళగించిన మట్టిపెళ్ళ. రెండింటికీ ఒకవైపు ఇటుక ఎత్తు పెట్టి, రెండోవైపు కింద గాజు గ్లాసు పెట్టాలి. మూతకి చిల్లులు పెట్టిన నీళ్ళ సీసాతో పై నుంచి వాన కురిపించాలి. మొదటి గ్లాసులోకి బురద నీళ్ళు దిగుతాయి, రెండోదాంట్లోకి కాస్త తేట నీళ్ళు. అప్పుడు నేనేమీ మాట్లాడను. పిల్లలే అరుస్తారు: "మట్టి కొట్టుకొచ్చేసింది సార్", "కోసేసింది", "గడ్డి పట్టేసుకుంది". ఆ మాటలే బోర్డు మీద రాస్తాను. బురద గ్లాసుని కదపకుండా మధ్యాహ్న భోజనాల దాకా కిటికీలో ఉంచితే అడుగున మెత్తటి మట్టి పేరుకుంటుంది. అప్పుడు పదాలు ఇస్తాను. కొట్టుకుపోవడం నేలకోత, అడుగున పేరుకున్నది ఒండ్రు. ఈ కోతనే పుస్తకంలో క్రమక్షయం అన్నారు, అంతే.

తెలుగు పీరియడ్‌లో దాని గురించే అయిదు వాక్యాలు రాయమంటాను. డిక్టేషన్ అవసరం రాదు. పైగా మావి లంక ఊళ్ళు. వరదొస్తే గట్టు విరిగి పడటం, తగ్గాక పొలంలో ఒండ్రు మేటవేయడం చూడని పిల్లాడు ఉండడు. తెలిసిన విషయానికి పదం ఒక్కటే కొత్త.

ఎర్ర సిరా

ట్రే చాలా బాగుంది సార్. కానీ పరీక్ష పేపరు ట్రేలో రాదు.

నేను ముందే నేర్పాలనే అంటాను. ఒకటి, చదవగలగడం. "సాంద్రీకరణం", "బాష్పీభవనం" చూడగానే మూడో తరగతి పిల్లాడు ఒత్తుల దగ్గర ఆగిపోతాడు. ఆ పదం దాటలేక వాక్యం వదిలేస్తాడు, వాక్యం వదిలేశాక పేజీ. అర్థం తర్వాత సంగతి, నోరు తిరగాలి కదా. ఆ పని తెలుగు పీరియడ్‌ది కాక ఇంకెవరిది?

రెండు, హాజరు. మాది ఆదోని వైపు. సీజన్ వస్తే తల్లిదండ్రులు మిరప కోతలకి గుంటూరు వైపు వెళతారు, పిల్లల్ని తీసుకునే వెళతారు. ట్రే రోజు బడికి రాని పిల్లకి మీరేమిస్తారు? నా పదాల పట్టిక దాని నోటుబుక్కులో ఉంటుంది, తిరిగొచ్చాక పక్కపిల్ల చూపిస్తుంది. కంటితో చూసిన పిల్లకే పదం అంటే చూడని పిల్లకి అన్యాయం చేసినట్టే.

చిన్నోడి అమ్మ

నేను టీచర్‌ని కాదు, పేరెంట్‌ని. మా వాడిది ఇంగ్లీష్ మీడియం, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. వాడు ఎరోజన్ అని రాయాలి, సెడిమెంట్ అని రాయాలి. క్రమక్షయం, అవక్షేపం వాడికి ఎక్కడ పనికొస్తాయి? రెండేసి పదాల టెన్షన్ ఎందుకు పిల్లలకి?

గోదారి గట్టు

అమ్మా, వాడు ఎరోజన్‌కి స్పెల్లింగ్ చెప్పాక, ఉప్పాడ బీచ్ రోడ్డు పక్కన అన్ని రాళ్ళు ఎందుకు పోస్తున్నారో అడగండి. చెప్పగలిగితే ఏ భాషలో చెప్పినా పర్లేదు. సముద్రం కోత కోస్తోందని మా వైపు చదువురాని వాళ్ళు కూడా చెబుతారు. ఆ "కోత" అన్న మాట వాడికి వచ్చి ఉంటే ఎరోజన్ దాని మీద సులువుగా ఎక్కుతుంది. లేకపోతే అది వట్టి స్పెల్లింగ్.

చెల్క (వికారాబాద్ జిల్లా)

మేడమ్, సార్, మీరందరూ నామవాచకాల మీదే కొట్లాడుతున్నరు. నా అనుభవంలో పిల్లలు పడిపోయేది అక్కడ కాదు.

మా నాలుగో తరగతిలో ఒక పిల్ల ఉంది. వాళ్ళ ఊరి చెరువులో మిషన్ కాకతీయ (తెలంగాణల చెరువులు బాగుచేసే పథకం) కింద పూడిక తీసిన మట్టిని ట్రాక్టర్లతో పొలాలకు తోలిన ముచ్చట ఇంట్లో విని పెరిగింది. పూడిక ఎట్ల చేరుతుందో, వాగు ఎక్కడి నుంచి మట్టి తెస్తదో నోటితో గడగడా చెబుతుంది. పరీక్షలో ప్రశ్న: "నేలకోత వల్ల కలిగే ఫలితాలను పేర్కొనండి." ఖాళీ పెట్టింది. పక్కన కూచోబెట్టుకొని అడిగిన. నేలకోత తెలుసట. ఫలితం అంటే పరీక్షల రిజల్ట్ అనుకున్నది. పేర్కొనడం అంటే పేరు రాయాల్నా అని నన్నే అడిగింది.

అమెరికాలో ఐజబెల్ బెక్, మార్గరెట్ మెకోన్ అనే పరిశోధకులు పదాలను మూడు అంచెలుగా విడదీసిన్రు. మొదటి అంచె, ఇంట్లో వాడకంలో వచ్చేసేవి: వాన, రాయి, మట్టి. మూడో అంచె, ఒక్క సబ్జెక్టుకే చెందినవి: అవక్షేపం, శిలాద్రవం (భూమి లోపల కరిగిన రాయి). నడుమ రెండో అంచెలో ఉన్నవి ఇంట్లో ఎవరూ పలకరు, కానీ ప్రతి సబ్జెక్టు పుస్తకంలో ప్రతి పేజీలో ఉంటయి. బడిలో ఎక్కువ శ్రద్ధ వీటి మీదే పెట్టాలంటరు వాళ్ళు. మన పుస్తకాల్లో వెతకండి: ఏర్పడు, విస్తరించు, దోహదపడు, వర్గీకరించు, పోల్చు, పేర్కొను, క్రమేణా, తద్వారా, అయినప్పటికీ. "గాలి, నీరు తాకిడికి రాయి క్రమేణా పగిలి, తద్వారా మట్టి ఏర్పడుతుంది" అన్న వాక్యంలో భూమికి సంబంధించిన పదాలన్నీ పిల్లలకు తెలిసినవే. ఆపేది క్రమేణా, తద్వారా, ఏర్పడు.

కాబట్టి ఎర్ర సిరా మేడమ్, మీ డిక్టేషన్ ఉంచండి, జాబితా మార్చండి. తెలుగు పీరియడ్‌కు ఈ నడుమ పదాలు ఇయ్యండి. కథ చదివినా, లెక్క చేసినా, మట్టి పాఠం చదివినా పనికొస్తయి. అవక్షేపం మాత్రం ట్రే దగ్గరికే పోవాలె.

ఇంకో మాట. జాబితాను జిల్లా మొత్తానికి ఒకటే అచ్చు వేయొద్దు. మీకు వంక, మాకు వాగు, శ్రీకాకుళంలో గెడ్డ. పుస్తకంలో "సెలయేరు" అని ఉంటే నాలుగు ఊళ్ళల్లో నాలుగు తీర్ల తెలిసిన పిల్లగాండ్లు తెలియనట్టు కూచుంటరు.

ఫ్రీమాంట్ నాన్న

మా అమ్మాయి కాలిఫోర్నియాలో నాలుగో తరగతి. ఇక్కడ పాటించే సైన్స్ ప్రమాణాలు 2013లో వచ్చాయి. నాలుగో తరగతిలో రాతి పొరల పాఠం ఉంది. పొరలను చూసి ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పాలి. కానీ రాయి ఎలా ఏర్పడిందన్న ప్రక్రియనూ, ఫలానా రాతిపొరల వివరాలు బట్టీ పట్టడాన్నీ పరీక్షలో అడగకూడదని ఆ ప్రమాణాల్లోనే గీత గీశారు. నీరు, గాలి, మంచు, మొక్కల వల్ల నేల ఎలా కోతకు గురవుతుందో మాత్రం కొలిచి, చూసి చెప్పాలి. చెల్క గారు చెప్పిన నడుమ పదాలు ఇక్కడ క్లాసు గోడ మీద ఉంటాయి. సైన్స్ పదాలు బొమ్మతో సహా నోటుబుక్కులో ఉంటాయి.

ఎర్ర సిరా

అక్కడి సంగతి అక్కడిది సార్, మా ప్రశ్నపత్రం అక్కడ తయారవదు. చెల్క గారి మాటలో సగం ఒప్పుకుంటాను. "పేర్కొనండి" దగ్గర మా వాళ్ళూ ఆగిపోతారు, నిజమే. అయితే ఒత్తుల సమస్యకి మీరెవరూ జవాబివ్వలేదు. బాష్పీభవనం అనడానికి నోరు తిరగని పిల్ల ట్రే పక్కన నిలబడి మాత్రం ఏం పలుకుతుంది?

చెల్క

పలకడం నేర్పొద్దని ఎవరన్నరు మేడమ్? పలికించండి. తడి గుడ్డ ఎండలో ఆరేసి, ఆరుతుంటే "బాష్పీ... భవనం" అని చప్పట్లతో ముక్కలు చేసి పలికిస్తే సరిపోతది. అర్థాన్ని ముందే ఒక లైన్లో రాయించి కంఠస్తం చేయించడమే వద్దంటున్న. "బాష్పీభవనం అనగా ద్రవము ఆవిరిగా మారు ప్రక్రియ" అని అప్పజెప్పే పిల్లగాన్ని, తడి గుడ్డలో నీళ్ళు ఏడికి పోయినయ్‌రా అని అడిగితే "ఇంకిపోయినయ్ సార్" అన్నడు.

నాపరాయి

అందరికీ థ్యాంక్స్ అండీ. నేను ఇలా చేద్దామనుకుంటున్నాను. తెలుగు పీరియడ్‌కి చెల్క సార్ చెప్పిన నడుమ పదాలు, వారానికి పది కాదు, అయిదే. వాటికి డిక్టేషన్ ఉంటుంది. భూమి పదాలు పాఠంలోనే, చేసి చూశాకే. పలకడం కష్టమైనవి మాత్రం ప్రార్థన తర్వాత చప్పట్లతో. రాని పిల్లల కోసం ట్రే ఫోటో తీసి, పిల్లలు అన్న మాటలు కిందే రాసి గోడకి అంటిస్తాను. ఎర్ర సిరా మేడం గారి హాజరు పాయింటుకి నాకు ఇంతకన్నా తోచలేదు.

అవక్షేప శిలకి (పొరలుగా పేరుకుని గట్టిపడిన రాయి) నా దగ్గర సమస్యే లేదు. మా పిల్లల్లో చాలామంది నాన్నలు బేతంచర్ల వైపు నాపరాళ్ళ గనుల్లో పనిచేస్తారు. రాయిని ఉలితో కొడితే పొర పొరగా ఎలా లేస్తుందో నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. క్లాసుకి ఒక నాన్నని పిలుస్తాను. కానీ లావా రాయి నాకు ఇక్కడ దొరకలేదు. చెల్క సార్, మీ వికారాబాద్ వైపు నల్ల బసాల్ట్ ఉంటుందిగా, పిడికెడు ముక్కలు పంపగలరా?

చెల్క

పంపుత మేడమ్. బుడగల గుంటలున్నవి ఏరి పంపుత, పిల్లలు వేలు పెట్టి చూస్తరు. మీ నాపరాయి పలక ఒకటి మాకు కావాలె.

ఎర్ర సిరా

నాకు రాళ్ళేమీ వద్దు. నా పదాల పట్టిక మాత్రం వచ్చే పరీక్ష దాకా ఆపను. పరీక్ష అయ్యాక మేడం గారి క్లాసు పేపర్లు, మా క్లాసు పేపర్లు పేర్లు మూసి చెల్క సార్‌కే పంపుదాం. ఆయనే దిద్దాలి, మార్కులే కాదు, ఖాళీ వదిలిన ప్రశ్నలు కూడా లెక్కపెట్టాలి.