లౌటర్‌బ్రూనెన్ లోయకి అమ్మానాన్నలతో నవంబర్‌లో వెళ్లొచ్చా?

బాసెల్ కుర్రోడు: అందరికీ నమస్తే. అమ్మానాన్న అక్టోబర్ మధ్యలో విజయవాడ నుంచి వస్తున్నారు, మూడు నెలలు ఉంటారు. పిల్లలకి నాలుగేళ్లు, తొమ్మిదేళ్లు. నవంబర్ రెండో వారంలో ఇక్కడ స్విట్జర్లాండ్‌లోనే, ఆల్ప్స్ కొండల్లో ఉన్న లౌటర్‌బ్రూనెన్‌లో ఐదు రోజులకి ఒక ఫ్లాట్ చూశాను, ఆగస్టు అద్దెలో సగానికే వస్తోంది. ఆ లోయ ఏడాది పొడవునా బాగుంటుందని ఆఫీసులో ఒకాయన అంటున్నాడు. నిజమేనా? బుక్ చేసేయనా?

మంచుకొండ: చేసేయండి. ఎనిమిదేళ్ల నుంచి వెళ్తున్నాను, నేను ఆ లోయలో చూడని నెల లేదు. మే నెలలో పైన మంచు కరిగి జలపాతాలన్నీ ఒక్కసారిగా ఉరుకుతాయి, స్టౌబ్‌బాఖ్ దాదాపు 300 మీటర్ల పైనుంచి పడుతుంటే కింద బాట మీద నిలబడినా మొహానికి తుంపర కొడుతుంది. వేసవిలో మెన్‌లిఖెన్ కొండ మీంచి క్లైన షైడెగ్ కనుమ దాకా గంటన్నర నడక, పెద్దగా ఎక్కుడు లేదు, మా చిన్నాడు ఐదేళ్లప్పుడే నడిచేశాడు. జనవరిలో లోయకి పైనున్న వెంగెన్ ఊళ్లో లౌబర్‌హార్న్ స్కీ పందెం, సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దిగుడు, చూసి తీరాలి. మంచు కొండల మధ్య కనుమ యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కి ఎక్కే రైలు 1912 నుంచీ ఉంది, చలికాలమని ఆపరు. ఏడాది పొడవునా వెళ్లదగ్గ లోయ ఏదైనా ఉందంటే అదే.

గోదారమ్మాయి: దయచేసి నవంబర్‌లో వెళ్లకండి. మేం సరిగ్గా రెండో వారంలోనే వెళ్లాం, అత్తయ్యగారు, మావయ్యగారు, మేమిద్దరం, పాప. కొండ లోపల పడే ట్రూమెల్‌బాఖ్ జలపాతాలు మూసేశారు. మెన్‌లిఖెన్ రోప్‌వే మూసేశారు. షిల్ట్‌హార్న్ శిఖరానికి వెళ్దామంటే ఆ రోప్‌వే కూడా వార్షిక మరమ్మతుల్లో ఉంది. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ ఒక్కటే తెరిచి ఉందని అంత డబ్బు పోసి పైకెక్కితే, అద్దాల అవతల తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. మావయ్యగారికి అక్కడ ఆయాసం వచ్చి బెంచీ మీద కూలబడ్డారు. మిగతా నాలుగు రోజులూ గదిలోనే.

చిట్టి జ్యూరిక్: నవంబర్‌లో అంతే, మూసేస్తారు.

మంచుకొండ: "మూసేస్తారు" అని ఊరికే రాసేస్తే కొత్తవాళ్లు భయపడతారు. లోయని ఎవరూ మూయరు. వెంగెన్‌కి కారు రోడ్డే లేదు, ఊళ్లో జనం పాలు, కూరగాయలు తెచ్చుకోవాలన్నా రైలే దిక్కు, అది రోజూ నడుస్తుంది. మ్యూరెన్‌లోనూ మనుషులు ఏడాదంతా ఉంటారు. ఆగేవి కొన్ని రోప్‌వేలు, అదీ మరమ్మతుల కోసం. ఏవి ఏ తేదీల్లో ఆగుతాయో వాళ్ల వెబ్‌సైట్లలో ముందే పెడతారు. పైన మబ్బు ఉందో లేదో పొద్దున్నే లైవ్ కెమెరాలో చూసుకుని టికెట్ కొనొచ్చు. ఇవేవీ చూసుకోకుండా వెళ్లి లోయని తిడితే ఎలా?

మ్యూనిక్ బాబాయ్: తమ్ముడూ, పెద్దవాళ్లతో యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అంటే కాస్త ఆలోచించు. లౌటర్‌బ్రూనెన్ దాదాపు 800 మీటర్ల ఎత్తు, పైన 3,454. రెండు గంటల్లో అంత పైకి వెళ్తే, అక్కడ అందే ఆక్సిజన్ సముద్రమట్టం కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. బీపీ, గుండె సమస్య ఉంటే డాక్టర్‌ని అడక్కుండా ఎక్కించొద్దు.

గోదారమ్మాయి: మంచుకొండ గారూ, మీరు పదే పదే రైళ్ల గురించే చెప్తున్నారు. రైలు నడిస్తే సరిపోతుందా? లోయకి రెండు వైపులా నిట్టనిలువు కొండ గోడలు, ఆ నెలలో అడుగున ఎండ పడేది కాసేపే. మధ్యాహ్నానికే గదిలో లైటు వేసుకున్నాం.

మంచుకొండ: అందుకే వెంగెన్‌లో ఉండమంటాను. 1,274 మీటర్లు, కొండ అరుగు మీద ఊరు, కింద నీడలో ఉన్నప్పుడు అక్కడ ఎండ కాస్తుంది. తప్పు ఊళ్లో, తప్పు వారంలో దిగింది మీరు. టైమ్‌టేబుల్ చూసుకోవడం అంత కష్టమా?

గోదారమ్మాయి: ఆ వారం చూసింది నేను కాదు, ఫ్లాట్ బుక్ చేసింది నేను కాదు. వండింది మాత్రం నేనే. సీజన్ కాదని దగ్గర్లో రెండు రెస్టారెంట్లకీ తాళం. రెండే రెండు కరెంటు ప్లేట్లు, ఒకటి సరిగ్గా వేడెక్కదు, ఉన్న పెద్ద గిన్నెలో ఐదుగురికి అన్నం పట్టదు. పొద్దున ఉప్మా, అది కడిగేసరికి పప్పు, అది తినేసరికి టీ, మళ్లీ రాత్రికి చపాతీలు. ఆరు రోజులు. స్టౌబ్‌బాఖ్ మా వంటింటి కిటికీలోంచే కనిపించేది, అంట్లు తోముతూ చూశాను. అద్దె సగానికే వచ్చిందని మా వారు ఇప్పటికీ అందరికీ చెప్తారు. ఆ మిగిలిన సగం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఎవరూ అడగలేదు. నన్ను టైమ్‌టేబుల్ చూసుకోమంటారేంటండీ?

చిట్టి జ్యూరిక్: అక్కా, మా ఇంట్లోనూ ఇదే. అందుకే అమ్మ వస్తే టూర్ అంటేనే టెన్షన్.

మంచుకొండ: ఆ మాట అనకుండా ఉండాల్సింది, క్షమించండి. మా ఇంట్లో టూర్‌కి వెళ్తే వంట నేనే చేస్తాను, అందుకే మీరు చెప్పింది నాకు తట్టలేదు. కానీ నాకు కోపం ఎందుకొచ్చిందో కూడా చెప్తాను. మా అమ్మానాన్నలకి రెండుసార్లు వీసా రాలేదు. ఎనిమిదేళ్లుగా ప్రతిసారీ వెంగెన్ రైలు దిగగానే నాన్నకి వీడియో కాల్ చేసి కొండ చూపిస్తాను, ఆయన "సిగ్నల్ పోతోందిరా, మొహం చూపించు" అంటారు. మీ మావయ్యగారు గదిలో కూర్చుని మబ్బు చూశారని మీకు బాధ. మా నాన్న వచ్చి నా పక్కన కూర్చుంటే నాలుగు రోజులు మబ్బు చూసినా నాకు పండగే. అందుకే ఏ నెలైనా నాకు ఒకటే.

గోదారమ్మాయి: చదివి మనసు కలుక్కుమంది. ఈసారి వీసా రావాలని కోరుకుంటున్నాను. అయినా ఆయన మీ పక్కన కూర్చున్న నాలుగు రోజులూ వంటింట్లో ఎవరో ఒకరు నిలబడాలి కదండీ. నేను అంటున్నది అదొక్కటే.

మంచుకొండ: నేనే నిలబడతాను. అయినా లోయ విషయంలో నా మాట మార్చను.

మ్యూనిక్ బాబాయ్: అడిగిన కుర్రాడెక్కడ?

బాసెల్ కుర్రోడు: ఇక్కడే ఉన్నాను బాబాయ్, అన్నీ రెండేసి సార్లు చదివాను. మా ఆవిడకీ చూపించాను, గోదారమ్మాయి గారి పోస్ట్ దగ్గర చాలాసేపు ఆగిపోయింది. నవంబర్ ఫ్లాట్ వదిలేశాను. డిసెంబర్‌లో క్రిస్మస్ సెలవులకి ముందు వారం, వెంగెన్‌లో. అప్పటికి చలికాలపు సీజన్ మొదలై ఉంటుంది, పిల్లలకి స్లెడ్జ్ ఉంటుంది. అద్దె ఎక్కువే, ఐదు రోజుల్ని మూడుకి తగ్గించాను. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ మానేశాం, నాన్నకి బీపీ ఉంది. మధ్యాహ్నం బయట తినడం, రాత్రి వంట నాది. రైస్ కుక్కర్ తీసుకెళ్లనా?

గోదారమ్మాయి: తప్పకుండా తీసుకెళ్లండి, కందిపొడి, ఆవకాయ కూడా. విజిల్ కుక్కర్ మాత్రం వద్దు, మొదటి రాత్రే కింది ఫ్లాట్ ఆవిడ ఏమైందోనని తలుపు కొట్టింది.